మెరుపు చాలని బల్ల

మా అక్క కూతురు నా వడ్రంగి షెడ్డులో పాలిష్ పని చేస్తుంది. గుడ్డతో లక్క పాలిష్ అద్దిందంటే చెక్క మీద గీత పడదు, మచ్చ మిగలదు. ఒక్క క్షణం నోరు మూసుకుని ఉండలేదు కనుక అందరం దాన్ని పిచ్చుక అంటాం.

ఈ మధ్య ఆ నోరు మూతపడింది. దానితో కలిసి పని నేర్చుకున్న పిల్ల ఒకతె వేరే చోట చేరి, తను పాలిష్ చేసిన బల్లల వీడియోలు పెడుతోంది. వేలమంది చూస్తున్నారట. పిచ్చుక కంచం ముందు కూర్చుని కూడా అవే చూస్తుంది. అన్నం అలాగే ఎండిపోతుంది.

"దాని బల్లలో మొహం కనబడుతోంది మావయ్యా. నా బల్లలో దుమ్ము కనబడుతోంది."

"అదంతా లైట్ల మహిమే, పిచ్చిమొహమా. పాలిష్‌ని చేత్తో తడిమి చూడాలి గానీ ఫోనులో చూస్తారా?"

"నీ ఫోనుకి బటన్లే ఉన్నాయిగా, నువ్వలాగే అంటావు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

మొన్న ఒక భోజనాల బల్ల వచ్చింది. ప్లైవుడ్ మీద కాగితమంత పలచని టేకు పొర అతికించిన రకం. దాన్ని గరుకు కాగితంతో ఒక్కసారి, మెత్తగా రుద్ది వదిలేయాలి. పిచ్చుక పూత వేసింది. బాగా కుదిరింది. ఫోనులో ఫొటో తీసి చూసుకుని బాగాలేదంది, గీకేసింది. మళ్లీ వేసింది, మళ్లీ గీకింది. నేను లక్క కొనుక్కుని వచ్చేసరికి బల్ల నడిమధ్య టేకు లేదు. పాలిపోయిన ప్లైవుడ్ బయటపడింది. పిచ్చుక ఇంకా రుద్దుతూనే ఉంది. వేళ్ల చివర్లు చిట్లిపోయాయి.

"ఆపవే తల్లీ. పొర పోయింది."

"ఇంకొంచెం రుద్దితే వస్తుంది."

"ఏమొస్తుందే? అడుగున టేకు లేదు."

చెయ్యి ఆగింది.

"పొద్దున్నే లేవాలనిపించడం లేదు మావయ్యా. అసలు ఎందుకు లేవాలో చెప్పు."

బల్ల పాడైతే పాత పొర ఊడదీసి కొత్తది అతికిస్తాను. పిల్ల ఇలా అడిగితే ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. షెడ్డులో లక్క కరిగించే స్పిరిట్ సీసాలన్నీ దాని చేతికి అందకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను. దాని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను.

"అమ్మకి చెప్పకు."

"చెప్తాను. కావాలంటే నన్ను తిట్టుకో."

తిట్టలేదు. చెయ్యీ విడిపించుకోలేదు. రోడ్డు దాటేటప్పుడు నేను ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది. మీదికొచ్చే బండ్ల వైపు ఒక్కసారైనా తల తిప్పి చూడలేదు.