వాన కబురు, బస్సు కబురు చెప్పిన చిన్నమ్మ

చిన్నమ్మ పోయిందన్న సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. నల్లగొండలో నేను పనిచేసే బడికి వచ్చి, పిల్లలు వినకుండా నన్ను పక్కకు పిలిచాడు. "మీ చిన్నమ్మ పొద్దుగాల పోయింది సార్. జరమొచ్చింది, దవాఖానకు తీస్కపోయే లోపల్నే పానం పోయింది. బస్సు ఆపి పెట్టిన, రాండ్రి." చేతిలో సుద్దముక్కతోనే వెళ్లి ఎక్కాను. కూర్చోవడానికి జాగా ఉన్నా దారంతా నిలబడే ఉన్నాను. ఇప్పటికీ కాస్త మబ్బు పడితే చాలు, నేను కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. కట్టంగూరు దాటాక పెద్దరోడ్డు పక్కన ఉన్న ఊళ్లో చిన్నాయిన చీరలు నేసేవాడు. నూలు దొరక్క మగ్గం తరచూ ఆగిపోతుంటే, చిన్నమ్మ ఇంటి ముందరే, బస్సులు ఆగే చోట, చాయ హోటలు పెట్టింది. నాకు మొదటి ఉద్యోగం ఆ ఊరి బళ్లోనే వచ్చింది. నల్లగొండకు మారేదాకా నేను తిన్నదీ పడుకున్నదీ వాళ్లింట్లోనే.

ఆమె కూర్చోగా చూసిన గుర్తు నాకు లేదు. అన్నం కూడా నిలబడే తినేది. కూర్చోమంటే, "కూసుంటే కాళ్లు గుంజుతయి బిడ్డా" అనేది. బస్సు ఆగీ ఆగకముందే రోడ్డు మీదికి పోయి, తొవ్వ ఎట్లున్నది, వాగు ఎట్లున్నది, వెనక బస్సు ఏడున్నది అని డ్రైవరును అడిగేది. పొయ్యి మీద చాయ పొంగిపోతున్నా సరే. నల్లగొండ దవాఖానకు పోయే ముసలివాళ్లు, బాలింతలు బస్సు సంగతి ఆమెనే అడిగేవారు.

ఆ రోజుల్లో ఊరికి పంచాయతీ రేడియో వచ్చింది. బ్యాటరీ అయిపోయాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆఫీసు మూలన దుమ్ము పట్టి ఉండేది. చివరికి బట్టల దుకాణం సేటు ముందుకొచ్చాడు. బ్యాటరీ ఖర్చు తనదే, మైకూ బూరా కూడా తనే కొని దుకాణం మీద కట్టిస్తానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. హైదరాబాదు వార్తలు అయ్యాక వాన కబురు, బస్సుల కబురు మైకులో చెప్పాలి, ముందూ వెనకా తన దుకాణం పేరు చెప్పాలి.

మొదట నన్ను చెప్పమన్నారు. నేను పాఠం చదివినట్టు చదివితే జనం లేచిపోయారు. అప్పుడు సేటు చిన్నమ్మను పిలిచాడు. ఆడమనిషి మైకు పట్టడమేమిటని కొందరు గొణిగారు. ఆమె చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని మైకు అందుకుంది. "అక్కడక్కడ జల్లులు పడుతయన్నరు. అక్కడక్కడంటె మన దిక్కో కాదో వాళ్లకు గూడ ఎరుక లేదు. పెసర్లు ఎండబోసినోళ్లు జర చూసుకోండ్రి." నవ్వుతూనే అందరూ విన్నారు. అప్పటి నుంచి ఆ పని ఆమెదే అయింది.

ఒక ఏడు బతుకమ్మ ముందు సంత. సేటు కొత్త బట్ట దింపాడు. చిన్నాయిన కూడా ఎండాకాలం నుంచి నేసిన చీరలన్నీ సంతలో పరుచుకొని కూర్చున్నాడు. మధ్యాహ్నం రేడియోలో తుఫాను గురించి చెప్పారు, మన జిల్లాలో పెద్ద వాన పడవచ్చన్నారు. సూర్యాపేట నుంచి వచ్చిన లారీ డ్రైవరు, అటు దిక్కు ఆకాశం నల్లగా ఉందన్నాడు. సంతకొచ్చినవాళ్లలో సగం మంది వాగు అవతలి వాళ్లే. అంతకుముందు ఏడు ఆ వాగు ఒక తల్లినీ కూతురినీ బండితో సహా తీసుకుపోయింది.

సేటు హోటలుకు వచ్చి నెమ్మదిగా అన్నాడు: "గీ ఒక్క పూట ఆగు చెల్లె. సంత అయినంక చెప్పు. ఈడ ఎండ కొడతాంది గద."

చిన్నమ్మ ఆయనకు చాయ పోసిచ్చింది. నేరుగా మైకు దగ్గరికి పోయింది. దుకాణం పేరు ఎప్పటిలాగే చెప్పి, వాగు అవతలి వాళ్లను అప్పుడే బయలుదేరమంది. చీరలు రేపైనా దొరుకుతాయని కూడా అంది. చూస్తుండగానే సంత ఖాళీ అయింది.

వాన రాలేదు. తుఫాను ఎటో మళ్లిపోయింది. సాయంత్రానికి ఎర్రటి ఎండ కాసింది. సేటు ఒక మనిషిని పైకెక్కించి బూర దింపించాడు. వ్యాపారులు హోటలు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి పోయారు. చిన్నాయిన చీరల మూట తెచ్చి గోడవారన పెట్టి, "నా మగ్గం మీద నీకేమన్న పగనా?" అని మాత్రం అడిగాడు. ఆ చీరలు దీపావళికి గానీ అమ్ముడుపోలేదు.

ఆ సాయంత్రమంతా ఆమె వాకిట్లో ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. తిట్లు మనసుకు పెట్టుకోవద్దన్నాను.

"తిట్టనీ బిడ్డా. నేను చెప్పకపోయి వాన వచ్చి, ఎవరన్న వాగుల పోతే తిట్టెటందుకు గూడ వాళ్లు ఉండకపోదురు. గదిగాదు నా ఫికరు." వాకిలి చివరిదాకా పోయి వచ్చి అంది: "ఇందాక వాన రావాల్నని మొక్కిన. నా మాట నిలబడాల్నని. జనమింక తొవ్వల్నే ఉన్నరు, నేనేమో వాన రమ్మని మొక్కిన."

ఆ తర్వాత చాలా నెలలు మైకు లేదు. ఆమె నోటితోనే చెప్పేది, ఆ మాట హోటలు దాటేది కాదు. చెడిపోయిన బస్సు కోసం జనం ఎండలో నిలబడి నిలబడి ఇళ్లకు పోయేవారు. కబుర్లు వినడానికి వచ్చి బట్టలు చూసేవాళ్లు రాక సేటు దుకాణం కూడా చిన్నబోయింది. వానలు మొదలయ్యే ముందు ఆయనే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మైకు మళ్లీ కడదాం, కానీ అప్పటిలా చేయొద్దన్నాడు.

"నీ దుకాణం పేరు ఎన్నిసార్లు చెప్పుమంటె గన్నిసార్లు చెప్త సేటు. వాన ముచ్చట మాత్రం విన్నది విన్నట్టె చెప్త. అది నీది గాదు, నాది గాదు."

సేటు చాయ అంతా తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "సరే. పేరు మాత్రం జర గట్టిగ చెప్పు" అన్నాడు.

ఆ ఏడే వాగు నిజంగా పొంగింది. ఆమె మాట విని ముందే వాగు దాటిపోయినవాళ్లు నీళ్లు తగ్గాక సేటు దుకాణానికి వచ్చి దండం పెట్టారు. ఆయన వాళ్లను హోటలు వైపు పొమ్మని చెయ్యి చూపించాడు. వాళ్లు వచ్చేసరికి చిన్నమ్మ రోడ్డు మీద ఎవరో డ్రైవరుతో మాట్లాడుతోంది.

ఆమెను సాగనంపిన రోజు సేటు దుకాణం తెరవలేదు. మూడోనాడు చేయాల్సినవి చేసి, నేను తిరుగు బస్సు ఎక్కాను. డ్రైవరు అలవాటు కొద్దీ కిటికీలోంచి తల బయటపెట్టాడు. హోటలు ముందు ఎవరూ లేరు. తల లోపలికి తీసుకోబోతుంటే ఇంట్లోంచి చిన్నాయిన వచ్చాడు. ఆయన బస్సు దాకా రావడం నేను అంతకుముందు చూడలేదు. ఊరికే కూర్చోలేక అప్పుడే పనికి దిగినట్టున్నాడు, చేతులకు నూలుకు పెట్టిన గంజి ఇంకా ఆరలేదు.

"తొవ్వ ఎట్లున్నది?" అని అడిగాడు.

"నకిరేకల్ కాడ లారీ అడ్డం పడ్డది. ఒక్క పక్కనుంచే పోతున్నయి. అటు దిక్కు మబ్బు పట్టింది."

చిన్నాయిన ఇంకోసారి చెప్పమన్నాడు. డ్రైవరు మళ్లీ చెప్పాడు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. చిన్నాయిన పెదవులు కదుపుకుంటూ, మాట మరిచిపోతానేమో అన్నట్టు, సేటు దుకాణం వైపు గబగబా నడుస్తున్నాడు.