ముఖం వద్దు, చేతులు చాలు

తిరుపతిలోని ఒక డెంటల్ ల్యాబ్‌లో నా పని వైరు వంచడం. పిల్లల ఎత్తుపళ్లు సరిచేయడానికి తీసి పెట్టుకునే ప్లేటు ఉంటుంది కదా, అది జారిపోకుండా దవడపంటిని పట్టుకునే కొక్కెం నేను చేస్తాను. ఈ పనిలో ఒకటే నియమం. వంచిన చోట మళ్లీ వంచకూడదు. వంపు తప్పితే ఆ వైరు పారేసి కొత్తది తీసుకోవాలి.

ఈ రోజు పొద్దున మా ఓనరు ఫోన్ పట్టుకుని రీల్ తీయడానికి వచ్చాడు. "ముఖం వద్దులేప్పా, చేతులు చాలు" అన్నాడు. వంచాను. వెలుతురు సరిగా పడలేదట.

"దాన్నే సాపు చేసి మళ్లా వంచు."

"ఇరిగిపోతాది సార్."

"వీడియోకే కదప్పా, ఎవురి నోట్లోనన్నా పెడతామా?"

నాలుగోసారికి టప్పున విరిగింది. "నీ చేతిలో పట్టు తగ్గిండాదే" అని నవ్వాడు.

సాయంత్రం పాకాలలో రైలు దిగి ఇంటికొచ్చేసరికి రీల్ వచ్చేసింది. వంచే చేతులు నావి, చివర్లో నవ్వే ముఖం ఆయనది. పైన "ప్రతి వంపూ నా చేత్తోనే" అని రాసుకున్నాడు. కింద డాక్టర్లందరూ దండాల బొమ్మలు పెట్టారు. నా భార్య మాత్రం "ల్యాబ్‌లో మైనం కరిగించే మంటకు కాలిన ఆ బొటనవేలు మా ఇంటాయనది" అని రాసింది. కాసేపటికే ఆ మాట మాయమైంది, నా ఫోన్ మోగింది.

"ఏమప్పా, ఇంట్లో ఆమెకు చెప్పుకోలేవా? రేపు ఇంకో రీల్ ఉండాది. గ్లౌజులేసుకో."

సరే సార్ అన్నాను. వైరుకైనా నాలుగోసారికి రోషమొచ్చింది. మీరైతే ఏమనేవాళ్లు?