రెక్క కుదిరింది రజితా

నిన్న పొద్దున మిషన్ మీద జాకెట్ కుడుతున్నాను. షబానా ఫోన్ చేసింది.

"ఆంటీ, రజిత బండి జారి పడ్డది. నువ్వు జల్ది రా."

కాలో చెయ్యో విరిగిందనుకున్నాను.

హాస్పిటల్‌కి పోయేసరికి నా బిడ్డ లేదు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మా రజిత మంచిర్యాలలో ఫోన్లు రిపేర్ చేసేది. షబానాది అదే షాపులో పక్క సీటు. ఇంటికొస్తే ఇద్దరికీ విమానాల పిచ్చి. డబ్బాలో ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ విమానాలు. అతికించి, రంగులేసి, జానెడు విమానం చేసేవాళ్ళు.

మొదటి విమానానికి పొట్ట రెండు సగాలు కలవలేదు. రజిత గమ్ పూసి, బట్టల క్లిప్పులు పెట్టి బలవంతంగా బిగించింది. క్లిప్పులు తీయగానే టప్పున విడిపోయింది.

నాకు నవ్వొచ్చింది.

"కచ్చా కుట్టు ఎయ్యకుంటనే మిషన్ ఎక్కిస్తివా పిల్లా?"

"గిది జాకెట్ కాదే అవ్వా, విమానం!"

"ఏదైతేంది? యాడ అడ్డం పడ్తున్నదో సూడకుంట గుంజుతరా?"

నా మార్కింగ్ చాక్ ఒక సగం అంచుకి రుద్దాను. రెండో సగంతో కలిపి నొక్కి తీశాను. ఎక్కడ అడ్డం తగులుతోందో అక్కడే చాక్ అంటింది.

"గీడున్నదే దొంగ!" అని అరిచింది.

ఆ ఒక్క చోట సాండ్ పేపర్‌తో రుద్దితే సగాలు కలిశాయి. అప్పటి నుంచి ముందు టేపు, ఫిట్ అయ్యాకే గమ్. నా డబ్బాలో చాక్ ముక్క మిగిలితే ఒట్టు.

నిన్న సాయంత్రం రజితను శ్మశానానికి తీసుకుపోయేటప్పుడు మా పెద్ద బావ బిడ్డ చేస్తున్న చివరి విమానం పట్టుకొచ్చాడు. ఇష్టమైనది వెంట పంపడం మా ఇంట్లో పద్ధతి.

"బిడ్డతోనే పోనియ్యి. పానం నిమ్మలమైతది" అన్నాడు.

షబానా ఏడుస్తూనే అడ్డం వచ్చింది.

"వద్దు పెద్దబాపూ. అది అంగన్‌వాడీ పిల్లలకు ఇస్తనన్నది రజిత. రెక్క ఇంకా కుదరలే, టేపు మీదనే ఉన్నది."

అందరూ నా వైపు చూశారు.

సరిచూసేందుకు చేత్తో వేసే కచ్చా కుట్టు మీదే ఉన్న బట్టను నేనెప్పుడూ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"ఉండనియ్యి బావా" అన్నాను. తనకిష్టమైన పచ్చ చున్నీ కప్పి పంపాను.

ఈ పొద్దున షబానా వచ్చింది. ఇద్దరం రజిత టేబుల్ దగ్గర కూర్చున్నాం. టేపు విప్పితే రెక్క మొదట్లో గోరు దూరేంత సందు. చాక్ పెట్టి చూస్తే లోపల చిన్న బొడిపె అడ్డం పడుతోంది. షబానా రుద్దింది, పెట్టి చూసింది, మళ్ళీ రుద్దింది.

రెక్క వచ్చి కూర్చుంది.

"కుదిరింది ఆంటీ!"

ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. నవ్వాం కూడా.

గమ్ పూశాం. రంగు షబానా వేస్తుంది. దారం కట్టి, అంగన్‌వాడీలో ఫ్యాను తగలని చోట నేనే వేలాడదీస్తాను. పిల్లలు తలెత్తి చూస్తారు. ఎవరు చేశారని అడిగితే రజితక్క అని చెప్తాను.

ఆ టేబుల్ తీయను. మన నస్పూర్‌లో ఏ ఆడపిల్లకైనా విమానాలు చేయడం నేర్చుకోవాలనుంటే మా ఇంటికి పంపండి. షబానా నేర్పిస్తానంది.

పోయిరా రజితా. యాడున్నా సల్లగుండు బిడ్డా.