మిట్టమధ్యాహ్నం లేచే ఇంజన్

నందికొండలో డ్యాం కడుతున్న రోజుల్లో నాకు ఒక కారు ఉండేది. దానికి ఇంజన్ లేదు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా పిల్లలు నవ్వుతారు, అందరికంటే గట్టిగా మా పెద్దమ్మాయి నవ్వుతుంది. ఎవరైనా నవ్వండి గానీ నువ్వు మాత్రం నవ్వకు అని దానితో అంటాను. ఎందుకో ఇదివరకు సగమే చెప్పాను.

అది ఒకప్పుడు ఎవరో జాగీర్దారు వాడిన అమెరికా కారు. పొడవాటి ముక్కు, గుండ్రటి దీపాలు, వెనుక సీటు మంచమంత. చేతులు మారి మారి చివరికి ఒక కంట్రాక్టరు దగ్గరికి చేరింది. ఇంజన్ పగిలిపోవడంతో సిమెంటు గోదాము వెనుక ఎండకు ఎండి, వానకు తడిసింది. ఆయన పని ముగించుకొని వెళ్లిపోతూ, "తీస్కపోతవా, తుక్కోనికి ఇయ్యాల్నా?" అని అడిగాడు. నేను ఆలోచించడానికి కూడా ఆగలేదు. నలుగురితో తోయించుకొని మా క్వార్టరు ముందుకు తెచ్చుకున్నాను.

అప్పుడు నేను వర్క్‌షాపులో మెకానిక్‌ను. వారమంతా లారీల కింద, డంపర్ల కింద వెల్లకిలా పడుకొని ఇతరుల బండ్లు బాగుచేసేవాణ్ని. కేతేపల్లి దగ్గర గొర్రెల మందల వెంట తిరిగిన వంశంలో చేతిలో పానా పట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది. ఆదివారం ఒక్కరోజు నాదంటూ ఒక బండి గర్జిస్తూ రోడ్డు మీద ఉరకాలి, కాలనీ అంతా తలలు తిప్పి చూడాలి. అదీ నా పిచ్చి.

ఇంజన్ సంగతి మా మేస్త్రీ తేల్చాడు. నాకు పని నేర్పిన మనిషి ఆయన. ఆయన రేకుల షెడ్డులో రెండు పాత ఇంజన్లు పడి ఉండేవి. "మూడు నెల్లు ఐతారం ఐతారం నాతోని పనిజెయ్యి తమ్మీ, రెండిట్ల ఏది కావాల్నంటె గది తీస్కపో" అన్నాడు. ఒకటి మిలిటరీ లారీది, ఎనిమిది సిలిండర్లు. రెండోది జీపుది, నాలుగు సిలిండర్లు. మూడు నెలలు ఒళ్లు వంచి పనిచేసి, ఆ రెండింటినీ నేనే విప్పి, కడిగి, మళ్లీ బిగించాను. దుంగల మీద నిలబెట్టి, రేడియేటర్లు తగిలించి, ప్రతి ఆదివారం పొద్దున్నే చల్లటి పూట కాసేపు నడిపేవాళ్లం. ఎనిమిది సిలిండర్లది హ్యాండిల్ ముట్టుకుంటే చాలు, లేచేది. దాని గొంతు విన్న మొదటి రోజే నేను దానికి అమ్ముడుపోయాను. కారులో పెట్టేది అదేనని కాలనీ అంతా చాటేశాను.

మా ఇంటావిడకు అప్పుడు ఏడో నెల నడుస్తోంది. ఆమె తల్లిగారిల్లు అచ్చంపేట. అంతకు రెండేళ్ల ముందు మొదటిసారి నెలలు నిండుతున్నప్పుడు బస్సులోనే తీసుకెళ్లాను. దేవరకొండ దాటాక మిట్టమధ్యాహ్నం బస్సు ఆగిపోయింది. ఇంకో బండి వస్తుందేమోనని చాలాసేపు ఎండలో నిలబడ్డాం. తర్వాత ఆమెను రెండు కోసులు నడిపించాను. నాలుగు రోజులకు కాన్పయింది, బిడ్డ దక్కలేదు. బస్సు వల్లనేనని దవాఖానలో ఎవరూ అనలేదు, ఆమె కూడా అనలేదు. నేనే అనుకున్నాను, రోజూ అనుకున్నాను. ఈ కారు ఆదివారాల సరదా కోసమని అందరికీ చెబుతూ, లోలోపల దాన్ని ఆమె ప్రయాణం కోసమే సిద్ధం చేస్తున్నాను.

అయినా చూడండి మనిషి తెలివి. పెద్ద ఇంజన్ గురించి నేను ఊదరగొడుతుంటే ఆమె ఒక్కటే మాట అడిగింది. "గది నడుమ తొవ్వల ఆగితె ఎట్ల?"

"ఎనిమిది సిలిండర్లున్నయి. ఎందుకు ఆగుతది?" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఒప్పుకుందనుకున్నాను.

ఇంజన్ ఎక్కించే ఆదివారం చూడడానికి కేతేపల్లి నుంచి మా బాపు వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె. షెడ్డులోకి వచ్చి రెండు ఇంజన్ల చుట్టూ చెరొకసారి తిరిగాడు. నేను గొప్పగా పెద్దదాన్ని లేపి చూపించాను. షెడ్డు రేకులు అదిరాయి. బాపు తల ఊపాడు.

"మంచిగనే ఉన్నది. ఎండ నెత్తిమీదికి రానియ్, అప్పుడు సూద్దాం."

"ఇప్పుడు సూసినవు గద బాపు."

"పొద్దుగాల ఏ జీవమైనా ముద్దుగనే ఉంటది బిడ్డా. అంగడిల అమ్మేటోడు ఉప్పు నాకిచ్చి, కడుపునిండ నీళ్లు తాపి నిలవెడ్తడు. పొద్దుగాల కొన్నోడు సాయంత్రం ఏడుస్తడు."

ఆయన పొట్టేలును కొనే పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పొద్దున్నే అంగడికి వెళ్లి, బేరం ఆడకుండా, నచ్చిన జీవానికి ఎదురుగా గొంగడి వేసుకొని కూర్చునేవాడు. మధ్యాహ్నం దాన్ని ఎండలో ఇటూ అటూ నడిపించి, పడుకోబెట్టేవాడు. చుట్ట కాల్చడం అయ్యాక లేపేవాడు. దిగ్గున లేచి నిలబడితే అప్పుడు బేరం మొదలు. లేవడానికి తన్నుకులాడితే, అది ఎంత అందమైన పొట్టేలైనా కట్టె తీసుకొని వెనక్కి వచ్చేవాడు.

ఇదంతా తెలిసి కూడా నాకు ఆ రోజు ఒళ్లు మండింది. ఇంజన్‌ను ఎత్తే కప్పీ, గొలుసు ఆ ఒక్క రోజుకే దొరికాయి. పైగా మేస్త్రీ ముందు గొర్రెల కథ.

"గిది గొర్రె కాదు బాపు. నీకు గొర్లు తెలుసు, ఇంజన్లు తెల్వయి. జర సప్పుడు జెయ్యకుంట కూసో."

ఆయన గొంగడి మడతపెట్టి దాని మీద కూర్చున్నాడు. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ కడుక్కోవాలనిపిస్తుంది. మేస్త్రీయే నాకేసి చూసి, "పెద్దమనిషి మాట కాదనకు తమ్మీ. ఒక్క పూటల ఏం పోతది?" అన్నాడు. నేను మూతి ముడుచుకొని ఒప్పుకున్నాను.

మధ్యాహ్నానికి షెడ్డు పొయ్యిలా ఉంది. రెండు ఇంజన్లనూ పక్కపక్కనే గంటసేపు నడిపించాం. అప్పుడు బాపు, "ఇగ రెండిట్ని పండుకోనియ్" అన్నాడు. ఆపేశాను. ఆయన నిదానంగా చుట్ట వెలిగించాడు. ఆ చుట్ట ఎంతకీ తరగలేదు. చివరికి పీకను నేల మీద నలిపి, "లేపు" అన్నాడు.

ముందు నా ఎనిమిది సిలిండర్లదాని దగ్గరికి వెళ్లి హ్యాండిల్ తిప్పాను. గురగురమంది, అంతే. మళ్లీ తిప్పాను. పదిసార్లు, ఇరవైసార్లు తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మేస్త్రీ గోనెగుడ్డ తడిపి పెట్రోలు పైపుకు చుట్టాడు.

"గీ ఎండకు పెట్రోలు పైపులనే ఆవిరైతాంది తమ్మీ. సల్లవడెదాక ఇది లెవ్వది."

"నీకు ముందే తెలుసా మేస్త్రీ?"

"తెలుసు. ఎంత ఉరుకుతదని అడిగినవు, చెప్పిన. ఆగినంక లేస్తదా అని నువ్వు అడగలె."

ఆ ప్రశ్న మా ఇంట్లో ఒకరు అడిగారు. నేనే వినలేదు. దేవరకొండ అవతల ఆ రోడ్డు, ఆ ఎండ, కడుపు మీద చెయ్యి పెట్టుకొని నడుస్తున్న ఆమె, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. దుంగ మీద కూర్చుండిపోయాను. మళ్లీ అదే మధ్యాహ్నంలోకి ఆమెను నా చేతులతో నేనే తీసుకుపోబోయాను.

బాపు లేచి వచ్చి, కట్టెతో చిన్న ఇంజన్‌ను చూపించాడు. "దీన్ని లేపు."

బొబ్బల చేతితో హ్యాండిల్ పట్టుకొని సగం తిప్పానో లేదో, టకటకమని లేచింది. దాని చప్పుడులో గర్జన లేదు, గొప్ప లేదు. కానీ అంత మంచి చప్పుడు నేను ఇంతవరకు వినలేదు. గుండె మీద నుంచి పెద్ద బండ దించినట్టయింది. బాపు కాళ్లు పట్టుకుందామనుకున్నాను గానీ మేస్త్రీ ఉన్నాడని సిగ్గుపడి, "నువ్వు చెప్పిందే నిజం బాపు" అని మాత్రం అన్నాను. "ఆకలైతాంది, అన్నం తిందాం పా" అన్నాడాయన.

సాయంత్రానికి ఎక్కించేశాం. ఆ పొడవాటి ముక్కులో ఆ చిన్న ఇంజన్ పోను, ఒక కోడి తన పిల్లలతో సహా కాపురం పెట్టేంత జాగా మిగిలింది. కాలనీవాళ్లు ఊరుకుంటారా? పక్క క్వార్టరాయన బానెట్‌లోకి తొంగిచూసి, "ఏనుగు ఒంట్ల మేక గుండె వెట్టినవేందయ్యా" అన్నాడు. నేను చాటిన చాటింపుకు ఆ మాత్రం పడాల్సిందే. బాపు మాత్రం వదల్లేదు. "గుట్ట ఎక్కాల్నంటె మేకనే గావాలె" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట అన్నవాడు లేడు.

తర్వాతి వారమే అచ్చంపేటకు బయలుదేరాం. వెనుక సీటు మీద బాపు తన గొంగడిని నాలుగు మడతలు వేసి పరిచాడు. ఆమె దాని మీద కూర్చుంది. బాపు ముందు నా పక్కన. పొద్దున్నే బయలుదేరినా దేవరకొండ దాటేసరికి ఎండ ముదిరింది. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఆమె ఒక చేత్తో తలుపు పిడిని గట్టిగా పట్టుకొని ఉంది. బయలుదేరినప్పటి నుంచీ ఆ చెయ్యి తీయలేదు.

అప్పుడు బస్సు ఆగిన చోటు వచ్చింది. వేగంగా దాటేద్దామనుకున్నాను. "జర ఆపుండ్రి, నీళ్లు తాగుత" అంది ఆమె. ఆపాను. ఇంజన్‌ను మాత్రం ఆపలేదు. ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు.

"బంద్ చెయ్యి" అన్నాడు బాపు.

బంద్ చేశాను. ఎండ, నిశ్శబ్దం, ఎక్కడో ఒక పిట్ట. ఆమె కిందికి దిగి, ముంతతో నీళ్లు తాగి, ఆ రోడ్డును కాసేపు చూసింది. వచ్చి మళ్లీ కూర్చొని తలుపు పిడి పట్టుకుంది. నేను హ్యాండిల్ తీసుకొని ముందుకు నడిచాను. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఒక్క తిప్పుకే లేచింది.

నా సీట్లో కూర్చొని అద్దంలో చూశాను. తలుపు మీద ఆమె చెయ్యి లేదు. కొంచెం దూరం పోయాక ఆమె గొంగడి మీద పక్కకు ఒరిగి కళ్లు మూసుకుంది. ఆ రెండేళ్లలో ఆమె పట్టపగలు నిద్రపోవడం నేను చూడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి రోడ్డు సరిగా కనబడలేదు.

"పండుకున్నదా?" అని బాపు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"పండుకున్నది."

"అయితె జర నిమ్మలంగ పోనియ్."

కాలనీ అంతా తలలు తిప్పేలా ఉరికించాలని కారు తెచ్చుకున్న మనిషిని నేను. ఆ రోజు దిండి వాగు దగ్గర ఒక సైకిలతను మమ్మల్ని దాటేసి, వెనక్కి చూసి నవ్వుకుంటూ పోయాడు. పోనిమ్మని, ఆమె లేవకుండా, ఆమె కడుపులో ఉన్న మా పెద్దమ్మాయి కూడా లేవకుండా, అచ్చంపేట దాకా అలాగే నడిపాను.