ట్రాక్టర్ బావ నడిపిన కారు

ఇంట్లో కంప్యూటర్ ఉందంటేనే గొప్పగా చూసే ఆ రోజుల్లో, ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్ ఉన్న కుర్రాడు వీధిలో ఎలా నడిచేవాడో మీరే ఊహించుకోండి. ఇంజినీరింగ్ చదువుతున్నానని నాన్నగారు ల్యాప్‌టాప్ కొనిపెట్టారు. దాని మీద నేను చదివింది తక్కువ, దాన్ని బాగుచేసింది ఎక్కువ. పాడవకపోయినా బాగుచేసేవాణ్ణి. గవరపాలెంలో మా వీధివాళ్ళు ఫోన్ మోగకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా నా దగ్గరికే వచ్చేవారు (వెళ్తూ వెళ్తూ మంచి మెకానిక్ ఎవరున్నారని మా అమ్మని అడిగేవారు, అది వేరే సంగతి).

ఆ ఏడు చెరకు కోతలు ముగిసే వేళ, మునగపాకలో ఉండే మా మేనమామ కొడుకు లోడుతో వస్తూ మలుపులో ట్రాక్టర్ బోల్తా పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక డాక్టరుకి దగ్గర్లో ఉంటాడని మా ఇంట్లోనే ఉంచారు. తోడుగా మా అమ్మమ్మ వచ్చింది. మీసం రాకముందు నుంచీ స్టీరింగ్ వదలని మనిషి, నేను ట్రాక్టర్ బావ అని పిలుచుకునే మనిషి, తొడదాకా కట్టుతో మంచం మీద గోడకేసి చూస్తూ ఉండేవాడు. ఎవరైనా బండి మాట ఎత్తితే కళ్ళు మూసుకుని నిద్ర నటించేవాడు.

అతన్ని ఉషారు చెయ్యాలని ల్యాప్‌టాప్ తెచ్చి కార్ల పందెం ఆట పెట్టాను. మీట నొక్కితే కారు కాసేపు ఆలోచించి, ఒక అంగ వేసి, మళ్ళీ ఆగింది. పెళ్ళికూతురు పీటల దగ్గరికి నడిచినట్టు నడుస్తోంది.

"ఏటి ఇంజినీరూ, ఇది కారా? మా ఎడ్లబండి దీన్ని దాటేత్తాది," అన్నాడు బావ. ఇంటికొచ్చాక అతను నవ్వడం అదే మొదలు. నేనా నవ్వుని గమనించలేదు. నాకు వినబడింది నా ల్యాప్‌టాప్‌కి జరిగిన అవమానం ఒక్కటే.

సెట్టింగులు తెరిచాను. ప్రాసెసర్ ఎంత జోరుగా పనిచెయ్యాలో చెప్పే వరస ఒకటి ఉండాలి. నా స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఉంది, నా దాంట్లో లేదు. మూలమూలలా వెతికాను. ఫ్యాన్‌లో దుమ్ము ఊదాను. ల్యాప్‌టాప్ కింద అన్నం పళ్ళెం బోర్లించి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను (ఆ ఫ్యాన్ ఉక్కపోతతో పడుకున్న బావది). విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాను. వరస రాలేదు. ఇక నెహ్రూ చౌక్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఇదే బాధతో రాసుకున్న ఏడుపులన్నీ చదవడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం తిరిగొచ్చేసరికి వీధిలోకి నవ్వులు వినిపించాయి. బావ ఒళ్ళో ల్యాప్‌టాప్, పక్కన అమ్మమ్మ. తెర మీద కారు దేకుతోంది.

"ఎడంకి కొట్టరా, ఎడంకి! ఓలమ్మో, గోడెక్కించేత్తాడు! హెయ్, హెయ్!" అని అమ్మమ్మ కారుని అదిలిస్తోంది.

"ఉండే నాయనమ్మా, మలుపులో మెల్లగానే తిప్పాల. సూడు, ఎంత సక్కగా తిరిగిందో!" అన్నాడు బావ. కట్టు ఉన్న కాలి బొటనవేలు బ్రేకు తొక్కుతున్నట్టు కదులుతోంది.

"అలా ఆడితే ఏం బాగుంటుంది బావా! ఇలా ఇవ్వు, దీని సంగతి తేల్చేస్తాను," అని ల్యాప్‌టాప్ లాక్కున్నాను.

"ఉండనీరా, మాకు బాగానే ఉంది," అన్నాడు. అతను మొహమాటానికి అంటున్నాడనుకున్నాను.

చివరికి ఎవరో పుణ్యాత్ముడు రాసిన సలహా దొరికింది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది, ప్రాసెసర్ వేగం మార్చుకునే ఏర్పాటు అక్కడ ఆపేసి ఉంటే ఆ వరస మాయమవుతుంది, వేగమూ పెరగదు. వెళ్ళి చూస్తే ఆపేసే ఉంది. ఆపింది నేనే. కొన్న కొత్తలో అట్లపెనంలా వేడెక్కుతోందని అమ్మ అంటే, ఏదో చదివి నొక్కేసి మరిచిపోయాను. తిరిగి నొక్కగానే వరస వచ్చేసింది, కారు రయ్యిమంది.

"ఇప్పుడు చూడు బావా!" అని జనరేటర్ కనిపెట్టినవాడిలా గదిలోకెళ్ళాను. బావ మీట నొక్కాడు. కారు దూసుకెళ్ళి, మొదటి మలుపులోనే గోడకి కొట్టుకుని, గాల్లోకి లేచి, బోల్తా పడి పల్టీలు కొట్టింది. అద్దాలు పగిలిన చప్పుడు కూడా అప్పుడే మొదటిసారి సరిగ్గా వినిపించింది.

బావ మొహం తెల్లబోయింది. ల్యాప్‌టాప్ పక్కకి జరిపి, చేతులు దుప్పట్లో పెట్టుకున్నాడు. "నాకొద్దులే," అన్నాడు. తెర వైపు చూడకుండానే, "మళ్ళీ మెల్లగా ఎల్లీలా సెయ్యగలవేటి?" అని అడిగాడు.

"ఇంత కష్టపడి బాగుచేశాను, మళ్ళీ పాడుచెయ్యమంటావేంటి?" అని నవ్వేశాను. అమ్మమ్మ నన్నో చూపు చూసి, అతని వీపు నిమురుతూ కూర్చుంది. ఒక్క మీట నొక్కితే సరిపోయేది. అది తోచలేదు నాకు. మర్నాటినుంచి బావ మళ్ళీ గోడకేసి చూడసాగాడు. కట్టు విప్పాక ఊరెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు కాదు, ఆ పై ఏడు కోతలకి గానీ అతను ట్రాక్టర్ ఎక్కలేదని తర్వాత విన్నాను. ఇప్పుడు చక్కగా నడుపుతాడు. ఆ ఆట సంగతి తను ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మమ్మ లేదు. ఆ కారుని "హెయ్, హెయ్" అంటూ అదిలించే గొంతు పక్కన నేనో సాయంత్రం కూర్చోవలసింది. కూర్చునే తీరిక లేదు అప్పటి ఇంజినీరుగారికి. దుమ్ము ఊదీ ఊదీ ముక్కు నల్లబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రావాలి. ఏం చెయ్యను, నవ్వే వస్తుంది.