మళ్లీ పెరిగే నంది

ఇందాక కీబోర్డు మీద పడిన రాతిపొడిని పైటకొంగుతో తుడుస్తుంటే నాకు కంప్యూటర్ నేర్పిన షంషాద్ టీచర్ గుర్తొచ్చింది. ఆమె గురించి ఎప్పుడో రాయవలసింది. కానీ నాకు రాయడం వచ్చిందే ఆలస్యంగా. ఆళ్లగడ్డలో మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. ఏడేళ్లప్పుడు నా చేతికి వాటిని నునుపు చేసే రాయి ఇచ్చారు, పలక ఇవ్వలేదు. నలభై నాలుగో ఏట నంద్యాలలో, షంషాద్ టీచర్ కంప్యూటర్ సెంటర్‌లో అక్షరాలు నేర్చుకున్నాను. ఆమె నాకంటే పదేళ్లు చిన్నది. మొదటి రోజే, "పలకెందుకక్కా, ఈ మీటలే నీ పలక" అంది.

మా శిల్పాల షెడ్డుకు వెబ్‌సైట్ చేసి పెట్టిందీ ఆమే. పైన లోగోగా నేను గీసిన నంది తల పెట్టింది. కంప్యూటర్‌లో ముచ్చటగా ఉన్న ఆ నంది, ఫోన్‌లో తెరంతా నిండి మా నంబరును కప్పేసింది. శ్రీశైలం నుంచి ఒకాయన నంబరు దొరక్క, నేరుగా షెడ్డుకే వచ్చి కోప్పడి పోయాడు.

"నంది కావల్లా, నంబరు కావల్లా? సాయంత్రానికి ఆ బొమ్మ తీసేపిచ్చు వదినా" అన్నాడు మా మరిది. నా పేరు నేను రాసుకోవడం రాకముందే గీసిన బొమ్మ అది. వెంటనే నంద్యాల బస్సెక్కాను.

టీచర్ ఆ పేజీలో ఏది ఎంతుండాలో చెప్పే సీఎస్ఎస్ ఫైలు తెరిచి, లోగో కొలత రాసి ఉన్న వరుస చూపించింది. "వెడల్పు ఎంతుండాల్నో నువ్వే కొట్టు" అంది. నేను మీటల మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏందక్కా, రాయి అరగదీసే చెయ్యి ఎనక్కి పోతాంది?"

"ఎక్కువ తగ్గిస్తే ఎట్లా టీచర్? పోయిన రాయి మళ్లా రాదు గదా."

ఆమె నవ్వుకు పక్క కుర్చీల వాళ్లు తిరిగి చూశారు. "ఇది రాయి గాదు. పది పెట్టు."

పెట్టాను. నంది చీమంత అయింది.

"ఇప్పుడు మూడొందలు."

నంది మళ్లీ ఇంత పెద్దదై వచ్చి కూర్చుంది. ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. పెంచాను, తగ్గించాను, చివరికి వెడల్పు నూట ఇరవై, ఎత్తు నలభై అని కొట్టాను. పాపం, నంది మూతి రొట్టెలా అణిగిపోయింది.

"మీ నాయన విగ్రహానికి కొలత ఎట్లా పెట్టేటోడు?" అని అడిగింది టీచర్.

"ముందు ముఖం కొలిచేటోడు. తక్కిన ఒళ్లంతా ఆ ముఖాన్ని బట్టే."

"మరి ఈడ రెండు కొలతలెందుకు? వెడల్పు నువ్వు చెప్పు, ఎత్తు దాని పాటికి అదే చూసుకుంటాది."

ఎత్తు దగ్గర ఆమె చెప్పినట్టు 'ఆటో' అని కొట్టాను. నంది మూతి సరిగ్గా వచ్చింది. ఫోన్‌లో చూస్తే కిందనే నంబరు. ఆమె ఫోన్ నుంచే ఆ నంబరు నొక్కాను.

"ఎవురు?" అన్నాడు మా మరిది.

"మీ వదినను. నందీ ఉంది, నంబరూ ఉంది."

టీచర్ ఇప్పుడు సున్నిపెంటలో ఉంటోంది. నంద్యాల సెంటర్ మూతపడింది. కానీ చెయ్యి తప్పుతుందనే భయం ఆ రోజు అక్కడే వదిలేసి వచ్చాను. ఈ పేజీనే మూడుసార్లు చెరిపి రాశాను.

ఆ రోజు నంద్యాల నుంచి వచ్చిన మరునాడు ఉదయం, పనివాళ్లు రాకముందే షెడ్డులోని పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అవసరమేమీ లేదు. అయినా నూట ఇరవైని తొంభై చేసి, కాసేపు చూసుకుని, మళ్లీ నూట ఇరవై చేశాను. తర్వాత లేచి నా నునుపురాయి అందుకున్నాను.