వెనక్కి చూసిన చిలుక

రుద్రంగి వచ్చేసరికి బస్సు సగం ఖాళీ అయింది. కిటికీ పక్కన రాజవ్వ, ఆమె పక్కన భర్త దేవదాస్. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని ఆయన వీపు సీటుకు ఆనించకుండా సిరిసిల్ల నుంచీ అట్లాగే నిటారుగా కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి కొత్త పెండ్లికొడుకులా ముస్తాబయ్యాడు. కాడా మరి? కోరుట్లలో సేవా క్లబ్బు వాళ్లు ప్రతి ఆదివారం కూడతారు, వారానికొక అతిథిని పిలిచి మాట్లాడిస్తారు. ఇది చేనేత దినోత్సవం వారం కదా, ఈసారి ఈయన్ను పిలిచారు.

ఏం చూసి పిలిచారంటారా? నలభై ఏళ్ల కిందట జిల్లా నేత పోటీలో మొదటి బహుమతి కొట్టిన చిలకల అంచు చీరను చూసి. ఆ చీర నేసింది మాత్రం దేవదాస్ కాదు, రాజవ్వ. ఈ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే, ఆ ఇద్దరూ ఇప్పుడు ఈ బస్సులోనే ఉన్నారు.

"ఇయ్యాలనన్న జెప్తవా?" అంది రాజవ్వ.

"ఏం జెప్పాలె?"

"ఏం జెప్పాల్నో నీకెర్క."

దేవదాస్ కండువా సర్దుకున్నాడు. "గా ముచ్చట గిప్పుడెందుకే? నలుగుట్ల ఇజ్జత్ పోదా?"

"నీ ఇజ్జత్ నలభై ఏండ్ల సంది నేనే మోస్తున్న. నేను పుట్టిన ఊర్ల, నలుగురు ఇనంగ ఒక్కసారి జెప్పు. మళ్ల అడుగ."

ఆయన కండక్టరును చూసి, ఇంకెంత దూరమని అడిగాడు.

ఆ రోజుల్లో నేతింట్లో ఆడవాళ్లకు పని తక్కువేం కాదు. నూలు కండెలు చుట్టాలి, పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పట్టించాలి, పోగు తెగితే ముడి వెయ్యాలి. కానీ మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి మగ్గం మీద కూర్చునేది మాత్రం మగవాడే. రాజవ్వ నేత నేర్చుకుంది దొంగతనంగా, కోరుట్ల పుట్టింట్లో, తండ్రి నేసిన బట్ట ఇవ్వడానికి నేత సంఘానికి పోయినప్పుడల్లా. పెండ్లయి సిరిసిల్ల వచ్చాక ఆ విద్య అవసరం పడలేదు. పోటీ ఇరవై రెండు రోజులుందనగా దేవదాస్‌కు పచ్చకామెర్లు వచ్చాయి. మగ్గం మీద పడుగు ఉంది, మంచంలో మొగుడున్నాడు. రాజవ్వ తలుపు గడియ వేసి గుంతలోకి దిగింది.

వాడకట్టు వాళ్లకు వినిపించేది మగ్గం చప్పుడే కదా! "పాపం దేవదాస్, పానం బాగ లేకున్నా మగ్గం దిగుతలేడు" అని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోలు తియ్యగా ఉంటుంది, ఆయన మింగేశాడు.

కోరుట్ల బస్టాండులో దిగి నడుస్తుంటే రాజవ్వ కళ్లు పాత వాడ కోసం వెతికాయి. తెల్లవారకముందే వాడ పొడుగునా పడుగులు సాగదీసేవాళ్లు. గంజి వాసన, కుంచె రుద్దే చప్పుడు, ఎండెక్కేసరికి ఇంటింటా మగ్గం మోత. ఆ మోతలోనే ఆమె నిద్రపోయింది, ఆ మోతలోనే పెరిగింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, పక్కన జిరాక్స్ సెంటర్. తమ ఇంటి గడప ఎక్కడుండేదో కూడా తెలియలేదు. జిరాక్స్ సెంటర్ ముందు ఆగిపోయింది. "నడువే, టైమైతంది" అన్నాడు దేవదాస్.

హాలులో నలభై మంది దాకా ఉన్నారు. క్లబ్బు అధ్యక్షుడు సాయినాథ్, మందుల దుకాణం ఆయన, బల్ల మీది గంట కొట్టాడు. ప్రతిజ్ఞ చదివారు, పోయిన వారం రక్తదానం సంగతి చెప్పుకున్నారు, ఆ వారం పుట్టినరోజులున్న వాళ్లకు చప్పట్లు కొట్టారు. తర్వాత దేవదాస్‌ను మైకు ముందుకు పిలిచారు. ముందు వరసలో రాజవ్వ చేతికి చాయ్ కప్పు వచ్చింది.

అబద్ధం ఎందుకు, దేవదాస్ బాగా మాట్లాడతాడు. గుంత మగ్గాల కాలం చెప్పాడు, మరమగ్గాలు, అదే సాంచలు వచ్చాక మనుషులు ఒకరి మాట ఒకరికి వినబడక సైగలతో కాపురాలు చేసిన కాలం చెప్పాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత చీర దగ్గరికి వచ్చాడు. రాజవ్వ కప్పు కింద పెట్టింది.

"ఇరవై రెండు దినాలు మగ్గం దిగలే సార్" అన్నాడు దేవదాస్. ఒక్క క్షణం ఆగాడు. "మా ఇంటామె కండెలు సుట్టిచ్చింది."

చప్పట్లు మోగాయి.

కండెలంట, కండెలు! పెండ్లిళ్లలో విన్నది, చావుల కాడ విన్నది ఆ మాట. ఎప్పుడూ ఇంతగా కాలలేదు. ఇక ఈ జన్మకు ఇంతే అనుకుంది. లేచి పోదామనిపించింది గానీ ఎక్కడికి పోతుంది? చల్లారిన చాయ్ తాగేసింది.

ఉపన్యాసమయ్యాక ప్రశ్నలడగడం క్లబ్బు ఆనవాయితీ. బట్టల షాపు నడుపుకునే రచన అనే సభ్యురాలు లేచి సంచిలోంచి ఒక మడత తీసింది. ఉల్లిపొర రంగు, ఆకుపచ్చ చిలకల అంచు. రాజవ్వ ఆ అంచును గుర్తుపట్టింది.

"తాతా, మీరు చెప్పిన చీర గిదే. మా నానమ్మ అప్పుడు పోటీ ఎగ్జిబిషన్‌ల కొన్నది" అంది రచన. "నాకు చిన్నప్పటి సంది ఒక డౌటు. చిలకలన్నీ కొంగు దిక్కే చూస్తున్నయి, గీ ఒక్కటే వెనక్కి చూస్తంది. ఎందుకట్ల నేసిన్రు?"

దేవదాస్ చీర అందుకున్నాడు. అద్దాలు పెట్టుకుని చూశాడు, తిరగేసి చూశాడు. "గది... గదేందంటే..." ఆయనకేం తెలుసు? ఆ చిలుకను ఆయన చూడడం ఇదే మొదలు. తల ఎత్తి రాజవ్వ వైపు చూశాడు.

మునగనీ, అనుకుంది రాజవ్వ. నిజంగానే అనుకుంది. కానీ తన బట్టలో తప్పును ఎవరో వేలుపెట్టి చూపిస్తుంటే నేసిన మనిషి ఎట్లా కూర్చుంటుంది?

"గది తప్పు బిడ్డా" అని లేచింది. "గా దినం మా బాపు అచ్చిండు, గీ కోరుట్ల నుంచే. తలుపు కొట్టంగనే గుంతల నుంచి లేసి రాట్నం కాడ కూసున్న. ఆయన పోయినంక మళ్ల మగ్గం మీద కూసుంటే లెక్క తప్పింది. అంచు దిక్కు నుంచి ఎంచేటి పోగులు లోపటి దిక్కు నుంచి ఎంచిన. చిలుక తిరగబడ్డది. సూసుకునేసరికి జానెడు ముందలికి పోయిన. ఇప్పుదామంటే దినాలు లెవ్వు."

"అంటే అమ్మా, ఈ చీర..." అని సాయినాథ్ ఆగిపోయాడు.

దేవదాస్ మైకు దగ్గరికి జరిగాడు. "రాజవ్వ నేసింది సార్" అన్నాడు. "నేను కామెర్లతోని మంచంల ఉన్న. సిగ్గయి గిన్నేండ్లు అబద్ధమాడిన."

పెండ్లయిన నలభై ఆరేళ్లలో ఆయన నోట తన పేరు వినడం ఆమెకు అదే మొదలు. ఏమే, ఓయ్, పిలగాని అవ్వా... ఎప్పుడూ అవే పిలుపులు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సంతోషమేసింది, కోపమూ వచ్చింది, ఏది ముందో తెలియక ఏడ్చేసింది.

రచన వచ్చి పక్కన కూర్చుని చీర ఒళ్లో పెట్టింది. "అవ్వా, మీ బాపుకైనా ఎప్పుడన్నా జెప్పినవా?"

రాజవ్వ ఆ చిలుకను వేలితో తడిమింది.

"ఆయననే అడిగిండు బిడ్డా. మగ్గం మీద బట్టను గిట్లనే తడిమి, 'గిది నువ్వు నేస్తున్నవా?' అన్నడు. నేను భయపడి, 'కాదు బాపూ, నీ అల్లుడే' అన్న. 'నువ్వేమో అనుకొని సంబురపడ్డ' అని, చెప్పులేసుకొని ఎల్లిపోయిండు."